మంచం కోడుకు గంట

నల్లగొండ, మాజీ సైనికుల దవాఖాన.
మందుల కిటికీ వెనక నేను.
గోడమీది టీవీల పెద్దలు కూసున్నరు,
గుండ్రటి బల్ల,
ఒక్కొక్కరి ముంగట మూత తియ్యని నీళ్ల సీసా.
ఆ సీసాలు చూస్తే నాకు మర్రిగూడ యాదికొస్తది,
నీళ్లే బొక్కల్ని వంచిన ఊళ్లు.
వాటికోసం ఇంత తొందరగ
ఏ బల్ల చుట్టూ ఎవరూ కూసోలే.

పగటి అన్నం యాళ్లకే తీర్మానం అయిపోయిందంట.
ఒకాయన కళ్లద్దాలు తుడుచుకున్నడు,
పటం మీద గీత సరిగ్గ ఆననట్టు.

లెక్కలు గట్టే ఉంటరు.
ఎన్ని గుండ్లు, ఎన్ని దినాల డీజిలు,
మంచుల తొడిగే బూట్లు ఎన్ని జతలు.
చదువుకున్నోళ్లే, లెక్క తెలిసినోళ్లే.
నా ఇండెంటు పుస్తకం మాత్రం అడగలే.

అడిగితే చెప్పేటోణ్ణి:
పోయినసారి మీరు పదకొండు దినాల్ల ముగించిన్రు గదా,
పందొమ్మిదేండ్ల సంది దానికి
నేను గోలీలిస్తున్న.
నిద్రకు ఒకటి.
వణుకుడుకు రెండు.
ఆ రెండూ పొట్టను కొరికితే దానికింకొకటి.
ఎడమ చెవి మిషనుకు నెలకు నాలుగు బ్యాటరీలు.

కేతావత్ హర్యా నాయక్.
దేవరకొండ అవతల తండా.
పేర్లనూ నాయకే, ఫౌజుల హోదా కూడా నాయకే.
"డబుల్ నాయక్‌ను" అని నవ్వేటోడంట
నవ్వు ఉన్న దినాలల్ల.
ఒంటిమీద గీత లేదు,
అందుకే కాయిదంల గాయం గడి ఖాళీ.
ఖాళీ గడికి పింఛను పెరగదు.

ఆయన లోపలికి రాడు. ఆటోల కూసుంటడు, పరదా దించుకొని.
కిటికీ కాడికి ధ్వాలి వస్తది, ఆయన పెండ్లాం.
మొదటిసారి మణికట్టు.
"బాత్‌రూంల జారిన" అన్నది.
తర్వాత పక్కటెముక. బాత్‌రూమే.
తర్వాత దవడ.
నేనూ అట్లనే రాసుకుంట పోయిన,
చెయ్యికి అలవాటైంది.

మొన్న ఎండకాలం మా బావమర్ది బోరుబండి ఎంబడి
ఆ తండాకు పోయిన.
వాళ్లింట్ల బాత్‌రూం లేదు.
నాలుగు కట్టెలు, ఓ పాత చీర, కింద ఇసుక.
ఇసుకల ఎవరు జారుతరు?

నేను అడగలే.
ఇంకో నెల ఆమెనే చెప్పింది,
గోలీల సంచి ముడేసుకుంట:
"ఆయన కొట్టడు సారూ.
నిద్రల ఎవరో మీదికొస్తరు ఆయనకు.
పక్కన నేనుంటనాయె.
మేకపిల్ల మెడల గంట తీసి
మంచం కోడుకు కట్టిన.
అది మోగంగనే కిందికి దొర్లుత.
గంటెందుకే అని తెల్లారి అడిగిండు.
ఎలుకలకు అని చెప్పిన."

నా రిజిస్టర్ల గంటకు గడి లేదు.
బాత్‌రూం అనే రాసిన.

ఈ దినం టీవీ గొంతు బాగ పెరిగింది.
యాంకరు బల్ల గుద్దుతున్నడు, ఇగ తేల్చెయ్యాల్సిందే అని.
నష్టం స్వల్పమని కింద పట్టీ నడుస్తున్నది.
వరుసల ఉన్న ముసలి ఫౌజీలెవరూ తల ఎత్తలే.
ఒకాయన టోకెను నంబరు చూసుకుంటున్నడు.
ఒకాయన మోకాలు ఒత్తుకుంటున్నడు,
తనది కానట్టు, ఎవరో పట్టుకొమ్మని ఇచ్చినట్టు.

ధ్వాలి కిటికీలకెల్లి చెయ్యి పెట్టి
"జర సప్పుడు తగ్గియ్ సారూ,
ఆయన ఆటోల ఉన్నడు,
మంచి చెవి ఇటే ఉన్నది" అన్నది.

రిమోటుల బ్యాటరీలు లేవు.
స్టూలెక్కి తీగె గుంజిన.
ఎవరూ ఏమనలే.

దిగేసరికి ఆమె పట్టీలు లెక్కపెడుతున్నది.
"రెండు తక్కువున్నయి."
హైదరాబాదు నుంచి స్టాకు రాలే అన్న.
పట్టీకి పది గోలీలని ఆమెకు తెలుసు.
"ఇరవై రాత్రులు" అన్నది మెల్లగ,
నాతోని కాదు,
సంచి ముడేసుకున్నది.